మఠం వేసుకుని జగిత్యాల దాకా

డ్రైవింగ్ స్కూలు కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోరు. నేను మాత్రం ఇరవై రెండేళ్ళు దాని మీదే బతికాను. కోరుట్లలో మా స్కూలుకు వచ్చిన ప్రతి మనిషి పక్కన కూర్చుని, కుడికాలు ఆ బ్రేకుకు వేలెడు ఎత్తున ఉంచి, ఈ మనిషి ఇప్పుడు ఏ తప్పు చేయబోతున్నాడా అని కాచుకుని ఉండటమే నా ఉద్యోగం. అందుకు నాకు జీతం ఇచ్చారు. ఆ అలవాటు ఇంటి దాకా వచ్చింది. మా ఆవిడ కూరలో ఉప్పు వేస్తుంటే కూడా నా కుడికాలు నేలను నొక్కేది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరంతా నన్ను అడుగుతుంటారు, సార్, మీ సర్వీసులో పెద్ద ప్రమాదం ఏదైనా జరిగిందా అని. కారుకు ఒక్క గీత కూడా పడలేదు. కానీ ఒకసారి నేను నొక్కకూడని చోట బ్రేకు నొక్కాను. అది కారులో కాదు, చాయ్ హోటల్లో. దాని సంగతే ఇది.

ఆమె ఎండలు ముదిరిన రోజుల్లో వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. పుట్టిల్లు సిరిసిల్ల, మగ్గాలు నడిపే ఇల్లు. అత్తగారిల్లు కోరుట్ల. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. లెర్నర్ లైసెన్సు ముందే చేతిలో పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటల బ్యాచీ కావాలంది. ఆ ఎండలో ఆ బ్యాచీ ఎవరూ అడగరు.

"సార్, ఆరు వారాలల్ల లైసెన్సు చేతికి రావాలె. ఎట్లన్న చేసి నేర్పుండ్రి."

"గంత తొందర ఎందుకమ్మా?"

"పనున్నది సార్."

అంతే చెప్పింది. ఆ లైసెన్సు మీద ఒక మనిషి ఇంటికి రావడం ఆధారపడి ఉందని అప్పుడు నాకు తెలియదు. తెలియనప్పుడు ఊరుకోవచ్చు కదా? నేను ఊరుకోలేదు. మూడు గంటల బ్యాచీ ఒకటి, తొందర ఒకటి, కారణం చెప్పకపోవడం ఒకటి. నా బుర్రలో అప్పుడే ఒక కేసు తయారైంది.

మొదటి రోజే ఇంకో సాక్ష్యం దొరికింది. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్ళు బానెట్ వైపు చూస్తారు. ఈమె రోడ్డు చివర మలుపు వైపు చూసింది. స్టీరింగ్‌ను బిగించి పట్టలేదు, గంజి వార్చే సిబ్బి పట్టుకున్నంత తేలికగా పట్టుకుంది. ఎదురుగా లారీ వస్తే బెదరలేదు. కానీ క్లచ్ అంటే ఏమిటో తెలియదు. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే అడుగంటా నొక్కేసింది. ఆ అరగంటలో నేను నా బ్రేకు పదకొండుసార్లు నొక్కాను.

"ముందు ఏడన్న నడిపినవా?" అని అడిగాను.

"లేదు సార్" అని తల దించుకుని ఒళ్ళో ఉన్న ఫోన్ వైపు చూసింది. అబద్ధం అనుకున్నాను.

నాలుగో రోజు నేను రెండు గంటలకే వచ్చేసరికి ఆమె అప్పటికే కారులో కూర్చుని ఉంది. అద్దాలు దించి ఉన్నాయి. నేను వెనక నుంచి వస్తున్నాను. ఫోన్‌లోంచి మగగొంతు వినిపించింది.

"పోలీసోళ్ళు ఎనకనే ఉన్నరు. బ్రిడ్జి మీదికెళ్ళి పో!"

"నువ్వు ఏడున్నవ్?"

"నీ ఎనకనే. వాళ్ళను నేను గుద్దుత. నువ్వు ఆగకు."

"నేను పోను. పట్టుకుంటె ఇద్దర్ని పట్టుకోనీ" అంది ఈమె.

నేను కారు ఎక్కలేదు. నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. మా స్కూల్లో రిజిస్టర్లు రాసే ఆవిడ అక్కడ ఉంది. నేను ఆవిడను చెల్లె అని పిలిచేవాణ్ణి.

"చెల్లె, గీమె బండి నేర్చుకునేది గంజాయి దాటిచ్చెటందుకే. నా చెవులతోటి విన్న. పోలీసోళ్ళు ఎంటపడ్డరట."

ఆవిడ కిటికీలోంచి కారు వైపు చూసింది. ఆ ఫోన్ పట్టుకున్న తీరు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"అన్నా, గది ఆట! ఫోన్ల బండ్ల పందెం. మా ఆయన గూడ పొద్దుమాపు గదే ఆడుతడు. ఏదీ, నీ ఫోన్ ఇటు తే."

ఆ ఆట గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. నేను కుర్రతనంలో లారీ నడిపాను. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా రెండో గేరులో, ఇరవై స్పీడులో కోరుట్ల చుట్టూ తిరిగాను. అలాంటి నా చేతిలో ఒక ఎర్ర కారు పెట్టారు. వేలు ఆనిస్తే చాలు, దూకింది. వాన పడి తడిసిన పట్నం రోడ్డు, పక్కన రంగు దీపాలు గీతల్లా సాగిపోతున్నాయి. లారీని రాసుకుంటూ పోతే మార్కులు వేసింది. రాంగ్ సైడులో పోతే ఇంకా మార్కులు. మలుపులో కారును అడ్డంగా జార్చితే శభాష్ అన్నట్టు గంట కొట్టింది. మేము ఫీజు తీసుకుని మాన్పించే పనులన్నిటికీ అక్కడ బహుమానాలు! నైట్రో అని ఒక మీట ఉంది. అది నొక్కితే కారు వెనక నీలం మంట లేస్తుంది, రోడ్డు సన్నబడిపోతుంది. వెనక పోలీసు కార్లు కూతలు పెడుతుంటే భయం వేయలేదు, ఇంకా రండ్రా అనిపించింది. ఎదురుగా వచ్చే బస్సును గుద్దేశాను. అయిపోయింది అనుకున్నాను. రెప్పపాటులో కారు కొత్తదానిలా మళ్ళీ రోడ్డు మీద నిలబడింది.

ఆ రాత్రి ఇంట్లో ఆడుతూ నేను గట్టిగా నవ్వానట. మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి చూసింది. ఆ వారం మంగలి షాపులో ఆడాను, బ్యాంకు లైనులో ఆడాను, స్కూల్లో టిఫిన్ డబ్బా తెరిచి చల్లారబెట్టి మరీ ఆడాను. ఎందుకు దాచాలి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా పక్కన ఎవరూ లేరు, నా కాలి కింద రెండో బ్రేకు లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆట మొదలుపెట్టిన ఐదో రోజు స్కూటర్ మీద వస్తూ మెయిన్ రోడ్డులో ఒక బస్సును ఎడమ పక్క నుంచి దాటేశాను. దాటాక స్కూటర్ పక్కకు ఆపాను. వయసు మళ్ళిన నన్నే ఈ ఆట ఇట్లా చేస్తే ఆమెను ఏం చేసి ఉంటుంది? ఆ యాక్సిలరేటర్ తొక్కుడు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. సరే, అంతవరకు నా అనుమానంలో న్యాయం ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. ఆ మగగొంతు ఎవరిది? రోజూ క్లాసుకు ముందు, సరిగ్గా రెండు గంటలకు, ఆమెతో కలిసి పోలీసుల నుంచి పారిపోయేవాడు ఎవడు?

మా స్కూలుకు ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. ఆమె మామ రోజూ అక్కడికి వస్తాడు. ఒకప్పుడు సొంత మగ్గాలు నడిపినవాడు, తక్కువ మాటల మనిషి. నాకు పదేళ్ళ పరిచయం. ఆ రోజు కావాలనే ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఆ ఇంటికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

"అన్నా, మీ కోడలు మంచిగనే నేర్చుకుంటున్నది. గని ఫోన్ల ఎవలతోనో మాటలు ఎక్కువైనయి. జర చూసుకోండ్రి."

"కుట్టుమిషన్ కాడ ఫోనేంది?" అన్నాడు ఆయన.

"కుట్టుమిషన్ ఏందన్నా? కారు గద నేర్చుకునేది."

ఆయన చేతిలో గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఏం కారు?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కథలాపూర్ దారిలో బైకు పడి ఆయన పెద్ద కొడుకు కాలు పోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో సైకిల్ కూడా ఉంచలేదని ఊరంతా చెప్పుకున్నారు. కోడలు కుట్టు నేర్చుకుంటానని చెప్పి బండి నేర్చుకుంటోంది. ఫోన్ సంగతి చెప్పబోయి నేను ఆమె దాచిన సంగతి బయటపెట్టాను. ఆయన చాయ్ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంట్లో గొడవై సిరిసిల్లకు తల్లిగారింటికి పోయిందని విన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట నాకు కాస్త తేలికగానే అనిపించింది. "నేను ముందే చెప్పిన గద" అన్నాను రిజిస్టర్ల చెల్లెతో. ఆవిడ ఈసారి నవ్వలేదు, తలెత్తి కూడా చూడలేదు.

ఆమె రావడం మానేసిన ఐదో రోజు నా ఫోన్‌కు ఒక పొడుగాటి విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నమస్తే. మీ కాడ కారు నేర్చుకున్నామె పెనిమిటిని. ఫోన్ల ఆమెతోటి మాట్లాడేది నేనే."

తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా, మర్యాదగా చెప్పుకొచ్చాడు. అతను అక్కడ ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. పొద్దున్నే కూలీలను పని దగ్గర దింపి, సాయంత్రం దాకా బస్సులోనే కూర్చుంటాడు.

"ఈడ వీడియో కాల్ సక్కగ కలువది సార్. గీ ఆట మాత్రం కలుస్తది. అండ్ల మాట్లాడుకోవచ్చు. మేం ఆడేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. నెలాఖరుకు మల్ల రెండేండ్ల కాయితం మీద సంతకం పెట్టుమంటున్నరు. ఆమె సిరిసిల్లకెళ్ళి బట్ట తెచ్చి కోరుట్లల ఆడోళ్ళతోటి లంగాలు కుట్టిస్తనంటున్నది. చిన్న బండి ఒకటి ఆమెనే నడుపుకుంటె నేనొచ్చే దాకా ఇల్లు గడుస్తది. లైసెన్సు వస్తే సంతకం పెట్టను సార్. రాకపోతే పెడ్త. బాపుకు లైసెన్సు చేతిల పెట్టి చెప్దామనుకున్నం."

ఇంత విన్నాక ఏ మనిషైనా తప్పయింది నాయనా అంటాడు. నేనేమన్నానో తెలుసా? "నువ్వు ఆమె పెనిమిటివే అని నాకెట్ల తెలుస్తది?" అన్నాను.

అతను నవ్వాడు. "రెండు గంటలకు మీరే ఆటలకు వచ్చి చూడుండ్రి సార్" అని ఏ పందెంలో చేరాలో నంబరు చెప్పాడు.

చేరాను. పందెం మొదలవగానే నాలుగు కార్లు రయ్యిమని పోయాయి. నేను వాటి వెనక మంట ఎగరేసుకుంటూ పట్నమంతా దాటి సముద్రం మీది బ్రిడ్జి ఎక్కాను. అక్కడ నీలం కారు ఒకటి, పసుపు కారు ఒకటి పక్కపక్కన ఆగి ఉన్నాయి. మిగతావాళ్ళు గెలుపు కోసం చస్తుంటే ఈ ఇద్దరూ సముద్రం వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డారు.

"అమ్మ మోకాలు ఎట్లున్నది?" అంటోంది మగగొంతు.

"నేను సిరిసిల్లల ఉంటె నాకేమెరుక? మామ నా ఫోనే ఎత్తుతలేడు."

"నా ఫోన్ గూడ ఎత్తుతలేడు."

నేను ఆగాలనుకున్నాను. వాళ్ళ వెనక మర్యాదగా ఆగుదామనుకున్నాను. ఎడమ వేలితో నొక్కాల్సింది కుడి వేలితో నొక్కాను. బ్రేకు అనుకుని నైట్రో నొక్కాను. నీలం మంటతో పోయి పసుపు కారును గుద్దాను. అది రెయిలింగ్ విరగ్గొట్టుకుని సముద్రంలో పడింది.

"ఎవడు వాడు?" అంది ఆమె గొంతు.

"మీ డ్రైవింగ్ సారు" అన్నాడు భర్త.

తర్వాత పసుపు కారు పందెం వదిలి వెళ్ళిపోయిందని తెర మీద అక్షరాలు వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది, ఒట్టు.

మర్నాడు పొద్దున్నే కథలాపూర్ మీదుగా బయలుదేరి, వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరాను. ఆమె అన్నల షెడ్డులో మరమగ్గాల మోతలో నా మాట నాకే వినపడలేదు. ఆమె ఒక మూల కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి చేయి ఆపలేదు.

"తప్పయింది బిడ్డా!" అని అరిచాను. వినపడలేదన్నట్టు చెవి దగ్గర చేయి పెట్టింది. వినపడిందనే నా అనుమానం. ఇంకా గట్టిగా అరిచాను. మూడోసారి గొంతు చించుకునేసరికి ఎవరో మగ్గాలు ఆపారు. నా "తప్పయింది బిడ్డా" షెడ్డంతా మోగింది. పనివాళ్ళంతా తిరిగి చూశారు.

ఆమె కండె పక్కన పెట్టింది. "నాకు చెప్తే ఏమొస్తది సార్? మా మామకు చెప్పుండ్రి" అంది.

మామ దగ్గరికీ వెళ్ళాను. కొడుకు పెట్టబోయే సంతకం సంగతి, ఆ ఆట సంగతి, బ్రిడ్జి సంగతి అన్నీ చెప్పాను. ఆయన చివరిదాకా నేల చూస్తూ విన్నాడు.

"తమ్మి, నువ్వు చెప్పుడు నమ్మి ఒకసారి కోడల్ని ఎల్లగొట్టుకున్న. ఇగ నిన్ను నమ్మ. మీ స్కూలు కార్ల రెండు బ్రేకులుంటయని నాకెరుకే. తొక్కేది మీరు, స్టీరింగ్ పట్టేది వాళ్ళు. పరీక్షకు పోయే నాడు ఎనక సీట్ల నేను కూసుంట. నువ్వు సక్లం ముక్లం పెట్టుకొని, రెండు కాళ్ళు సీటు మీదికి మడుసుకొని కూసోవాలె. జగిత్యాల దాకా ఒక్కపారి నీ కాలు కిందికి దిగినా, కారు ఆడ్నే ఆపి బస్సెక్కి ఇంటికొస్తం."

ఊరందరినీ అనుమానించి బతికిన నన్ను ఒకరు ఇంత నిక్కచ్చిగా అనుమానించడం అదే మొదటిసారి. సరే అన్నాను.

ఆమె కోరుట్లకు తిరిగొచ్చాక, మిగిలిన పది రోజులు ఆమెకు క్లచ్ తప్ప వేరే ఏదీ నేర్పలేదు. చూపు ఆమెకు ముందే ఉంది. కాలి బరువు ఒక్కటే తగ్గాలి, అది తగ్గింది.

పరీక్ష రోజు పొద్దున బయలుదేరాం. నేను సీటు బెల్టు పెట్టుకుని, చెప్పులు విప్పి, పీటల మీద పెళ్ళికొడుకులా ఎడమ సీటులో మఠం వేసుకుని కూర్చున్నాను. వెనక సీటులో మామ ముందుకు వంగి నా మోకాళ్ళ వైపే చూస్తున్నాడు. రోడ్డు వైపు చూడటమే లేదు.

సగం దారి బాగానే నడిచింది. తర్వాత ఒక మలుపు తిరగగానే సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి, అంచున వరుసగా రాళ్ళు పెట్టి ఉన్నాయి. మిగిలిన సగంలో మా వైపు ఒక బైకు వస్తోంది, రెండు పక్కలా గడ్డిమోపులు. వెనక ట్రాక్టరు హారన్ కొడుతోంది. బైకుకూ రాళ్ళకూ మధ్య కొంచెం సందు ఉంది. ఆ సందు చూడగానే నాకు ఆట గుర్తొచ్చింది. అక్కడ ఇట్లాంటి సందులో దూరితేనే మార్కులు. ఇరవై రెండేళ్ళ అలవాటు, కుడికాలు బ్రేకు కోసం లేవబోయింది. లేవలేదు. తిమ్మిరెక్కి మొద్దులా పడి ఉంది.

"బ్రేక్!" అని అరిచాను.

అప్పటికే కారు ఆగుతోంది. నేను సందు చూసేసరికే ఆమె కాలు తీసేసింది. మొదటి రాయికి గజం ఇవతల నెమ్మదిగా నిలబెట్టింది. గడ్డిమోపు ఆమె పక్క అద్దాన్ని రాసుకుంటూ బైకు దాటిపోయింది.

వెనక నుంచి మామ గొంతు వినిపించింది. "తమ్మి, నీ కాలు కదిలింది."

"కదిలింది గని దిగలేదన్నా. తిమ్మిరెక్కింది."

ఆమె నవ్వింది. ఆ గొడవ మొదలయ్యాక ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఆటలైతే గా సందులకెళ్ళి దూరుతుంటివి గద?"

"ఆటల గా రాళ్ళెనక ఎవల వడ్లు ఉండయి గద సార్" అంది, మళ్ళీ గేరు వేస్తూ.

జగిత్యాలలో ఎనిమిది అంకె గీసిన మైదానంలో ఆమె పరీక్ష ఇస్తుంటే, మేమిద్దరం గోడ పక్కన నిలబడ్డాం. నా కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, ఆయన భుజం పట్టుకున్నాను. ఆమె దిగి మా వైపు తల ఊపింది. పాసైందని అర్థమైంది. మామ జేబులోంచి ఫోన్ తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నంబరు వెతికాడు. ఇన్నాళ్ళూ ఎత్తని నంబరు అది.

"నేనురా. నీ పెండ్లాం పాసైంది. నా కండ్లతోటి చూసిన. మంచిగ నడుపుతది. గా సంతకం పెట్టకు, ఇంటికి రా" అన్నాడు. ఫోన్ కోడలి చేతికి ఇచ్చి గోడ వైపు తిరిగాడు.

కొన్ని నెలలకు అతను వచ్చేశాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ ఆ ఆట ఆడరు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ బ్రిడ్జితో పనేముంది? నేను రిటైరై ఇంట్లో కూర్చుని ఇంకా ఆడుతున్నాను. ఆ సముద్రం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మంట ఆపి మెల్లగా పోతాను, ఎవరైనా ఆగి ఉన్నారేమోనని.

మొన్న సిరిసిల్లలో ఒక పెళ్ళికి పోవాల్సి వచ్చింది. ఆమె బట్ట తేవడానికి అటే పోతోంది, బండిలో రమ్మంది. ఎడమ సీటులో కూర్చోగానే నా కుడికాలు అలవాటుగా కింద వెతికింది. అక్కడ రబ్బరు మ్యాట్ తప్ప ఏమీ లేదు. ఆమె తాళం తిప్పి నా కాలు వైపు చూసింది.

"సార్, కాళ్ళు మీదికి పెట్టుకోండ్రి."

పెట్టుకున్నాను. కథలాపూర్ దాటకముందే నిద్రపోయాను.